కాలిలోకి లాగే నడుము నొప్పికి వెంటనే ఎమ్మారై తీయించాలా?

పది రోజులుగా నడుము నొప్పి ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా లాగుతోంది, ఎమ్మారై తీయించాలా అని అడిగారు. ముందు ఒళ్లు చూసే డాక్టరుకు చూపించండి, స్కాన్ సంగతి తర్వాత.

మూడేళ్ల క్రితం 25 కిలోల బియ్యం బస్తా వంగి లేపాను. ఆ రాత్రి నుంచి తుమ్మితే చాలు, కుడి పిరుదు నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టుండేది. మొదట వెళ్లిన చోట నన్ను ముట్టుకోకుండానే స్కాన్ రాసిచ్చారు. రిపోర్టులో రెండు చోట్ల డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బిందని ఉంది. ఆపరేషన్ తప్పదేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

రెండో డాక్టరుగారు ఆ కవరు పక్కన పెట్టి, "నొప్పి ఎక్కడిదాకా పోతోందో వేలితో గీసి చూపించండి" అన్నారు. తొడ వెనక నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా గీశాను. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు మెల్లగా ఎత్తారు. సగం కూడా లేవకముందే పిక్కలోకి జివ్వున లాగింది. తొడ వెనక పట్టేసినట్టుంటే సరిపోదట, మోకాలు దాటి కిందికి పాకితేనే నరం మీద అనుమానం. మునివేళ్ల మీద నడవమంటే నాలుగడుగులకే కుడి మడమ కిందికి జారింది. మడమ పైన రబ్బరు సుత్తితో తడితే ఎడమ పాదం కదిలింది, కుడిది కదల్లేదు. ఇది ఎస్‌1 నరం, నడుము కింది నుంచి కాలిలోకి దిగే నరాల్లో ఒకటి అని చెప్పి, అప్పుడు రిపోర్టు తెరిచారు. కింది ఉబ్బు ఒక్కటే దానికి సరిపోయింది. పైదానిలాంటివి నొప్పి లేనివాళ్లలోనూ చాలామందికి కనిపిస్తాయన్నారు.

మీరు కూడా నొప్పి, తిమ్మిరి ఎక్కడిదాకా వస్తున్నాయో గుర్తుపెట్టుకుని చెప్పండి. మడమల మీద నడవలేకపోయినా, బొటనవేలు పైకి లేవకపోయినా దాని పైనుండే ఎల్‌5 నరమేమో చూస్తారు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉంటే దాచొద్దు.

కాలిలో బలం తగ్గకపోతే చాలామందికి 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుంది. మంచానికి అతుక్కుపోకుండా ఓర్చుకోగలిగినంత తిరగండి. నన్ను వారం వారం పిలిచి మునివేళ్ల మీద నడిపించి చూసేవారు, రెండు నెలలకు మడమ నిలబడింది.

మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల మధ్య మొద్దుబారినా, పాదం వేలాడుతున్నా మాత్రం తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, అప్పుడు ఎమ్మారై వెంటనే కావాలి.