ఆరోవానా చేపకి ఆరడుగుల ట్యాంకు చాలుతుందా? ముందు వెడల్పు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మియాపూర్‌లో రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో 6 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 2 అడుగుల ఎత్తుతో ట్యాంకు కట్టించాలనుకుంటున్నారు. అందులో ఒక సిల్వర్ ఆరోవానా, రెండు ఆస్కార్లు, ఒక రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ వేయాలని ఉంది. ట్యాంకు పైన పెట్టే టాప్ ఫిల్టరు సరిపోతుందా, కింద సంప్ (ఫిల్టరుగా పనిచేసే ఇంకో ట్యాంకు) పెట్టించాలా అని అడిగారు.

పదకొండేళ్ళుగా పెద్ద చేపలే పెంచుతున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. సంప్ కావాలి. కానీ ఫిల్టరు సంగతికి ముందు చేపల లిస్టు మార్చాలి.

రెడ్‌టెయిల్‌ని తీసేయండి. షాపులో మూడంగుళాల పిల్ల, తెల్లటి పొట్ట, ఎర్ర తోక, చూడగానే ముద్దొస్తుంది. అమెజాన్ నదిలో మీటరు దాటి పెరిగే చేప అది. నోట్లో పట్టేది ఏదైనా మింగేస్తుంది, ఒక పొద్దున లేచి చూస్తే మీ ఆస్కార్లు ఉండవు. పెద్దయ్యాక దాన్ని షాపువాళ్ళూ వెనక్కి తీసుకోరు. అప్పుడు చాలామంది చేసే పని తీసుకెళ్ళి చెరువులో వదిలేయడం. సక్కర్ చేప మన చెరువుల్లోకి, కాలవల్లోకి చేరిందలాగే. వలలు చింపేస్తోందని జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఇంకో దెయ్యాన్ని మనం చేర్చకూడదు.

ఇక ఆరోవానా. నా మొదటి ఆరోవానా 5 అంగుళాల పిల్లగా వచ్చింది, మీరు అనుకుంటున్నట్టే ఒకటిన్నర అడుగు వెడల్పు ట్యాంకులోకి. రెండేళ్ళు తిరక్కుండా 20 అంగుళాలు దాటింది. ఈదుకుంటూ చివరికొచ్చి వెనక్కి తిరగాలంటే దాని అవస్థ చూడాలి. గడ్డం కింద ఉండే రెండు మీసాలూ అద్దానికి రాసుకునేవి. ఒళ్ళంతా విల్లులా వంచి, తోకతో వెనక అద్దాన్ని తన్నితే గానీ తిరుగుడు పడేది కాదు. రోజంతా దాని పనే అది. ఆర్నెల్లలో ఎడమ మీసం సగానికి అరిగిపోయింది. రాత్రి భోజనానికి కూర్చుంటే ట్యాంకు ఎదురుగా ఉండేది, ముద్ద దిగేది కాదు నాకు.

సిల్వర్ ఆరోవానా మూడడుగుల దాకా పెరిగే చేప. దానికి పొడవు కంటే వెడల్పు ముఖ్యం. 3 అడుగుల వెడల్పు ఉండాలి, రెండున్నరకు తగ్గితే దాన్ని పెంచొద్దు. ఎత్తు మాత్రం 2 అడుగులు చాలు, అది పైపైనే తిరుగుతుంది. అద్దం మీద నీటి ఒత్తిడి ఎత్తుని బట్టి పెరుగుతుంది, వెడల్పుని బట్టి కాదు. కాబట్టి డబ్బు ఎత్తు మీద కాకుండా వెడల్పు మీద పెట్టండి. తర్వాత నేను కట్టించుకున్నది 8 అడుగుల పొడవు, 3 వెడల్పు, 2 ఎత్తు, 15 మిల్లీమీటర్ల అద్దం. (ఎరుపు, బంగారు రంగుల ఏషియన్ ఆరోవానా అని ఎవరైనా చూపిస్తే అది వేరే జాతి. అంతరించే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ మొదటి అనుబంధంలో ఉంది, 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు.)

ఇప్పుడు బరువు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. నా ట్యాంకు 48 ఘనపుటడుగులు, అంటే 1,360 లీటర్లు, అన్ని కిలోలు. అద్దం, స్టాండు, సంప్ కలిపితే 1,800 కిలోలు. ఇళ్ళ స్లాబుల మీద ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణం) ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. నా ట్యాంకు కింద అది 800 దాటుతుంది. నాది సొంత ఇల్లు, కింది అంతస్తు, నేల మీద కూర్చుంది కాబట్టి చెల్లింది. మీ రెండో అంతస్తులో దీన్ని పెట్టమని నేను చెప్పలేను.

అందుకే నా మాట: ఈ ఫ్లాటులో ఆరోవానా ఆశ వదులుకోండి. 6 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు ట్యాంకు కట్టించి, ఆస్కార్లు రెండే వేసుకోండి. మీ చేతిని గుర్తుపట్టి ఎదురొచ్చే చేప అది, 12 అంగుళాల దాకా పెరుగుతుంది, పదేళ్ళకు పైగా బతుకుతుంది. అప్పుడు నీళ్ళు 680 లీటర్లు. అంత బరువు కూడా హాలు మధ్యలో కాకుండా గోడవారన, బీమ్ మీద పడేలా పెట్టాలి. బీమ్ ఎక్కడుందో స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించి తెలుసుకోండి, మేస్త్రీ "ఏం కాదు సార్" అన్నాడని ఊరుకోవద్దు.

ఫిల్టరు దగ్గరికి వద్దాం. ఆస్కార్ మేత గుళికల్ని నమిలి, సగం మొప్పల్లోంచి పొడిగా వదిలేస్తుంది. టాప్ ఫిల్టరులోని ఆ కాస్త స్పాంజి దానికి రెండు రోజులు ఆగదు. సంప్ అంటే స్టాండు కింద ఇంకో చిన్న ట్యాంకు, గదులు గదులుగా. పైనుంచి దిగే నీళ్ళు ముందు వడపోత సంచిలోకి, తర్వాత స్పాంజిలోకి, అక్కణ్ణుంచి గాలిబుడగలతో తిరుగుతూ ఉండే కే1 మీడియాలోకి (బాక్టీరియా పట్టుకుని పెరిగే చిన్న ప్లాస్టిక్ చక్రాలు), చివరగా పంపు గదిలోకి రావాలి. సంచి చేతికి అందేలా ఉండాలి, రెండు మూడు రోజులకోసారి తీసి కడగాలి. కే1ని మాత్రం ఎప్పుడైనా ట్యాంకు నీళ్ళతోనే జాడించండి. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా దాని మీదే ఉంటుంది, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు తగిలితే చచ్చిపోతుంది.

ట్యాంకు నీళ్ళు గంటకి కనీసం 5 సార్లు సంప్‌లోంచి తిరిగి రావాలి, మీకు 3,400 లీటర్లు. పంపు డబ్బా మీద రాసే లెక్క ఎత్తు లేనప్పటిది. నాలుగైదు అడుగులు పైకి ఎక్కించేసరికి సగానికి కూడా పడిపోవచ్చు. కాబట్టి 6,000 పైన ఉన్నది తీసుకోండి. నీళ్ళు కిందికి దిగే రంధ్రాలు అద్దాల షాపులోనే, ట్యాంకు అతికించకముందే వేయించాలి. ఒకటి కాదు, రెండు. ఒకటి చెత్తతో మూసుకుపోతే రెండోది కాపాడుతుంది.

నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది కొంచెం వివరంగా చెప్తున్నాను. సంప్ నుంచి నీళ్ళు పైకొచ్చే పైపు మూతిని, అందంగా ఉంటుందని, నీటి మట్టానికి 5 అంగుళాలు కిందికి పెట్టాను. ఒక మే నెల రాత్రి రెండు గంటలకి కరెంటు పోయింది. పంపు ఆగగానే అదే పైపు వెనక్కి లాగడం మొదలుపెట్టింది, మూతి బయటపడేదాకా లాగుతూనే ఉంది. నా ట్యాంకులో అంగుళం నీళ్ళంటే 57 లీటర్లు. అయిదంగుళాలు దిగితే 285. సంప్‌లో ఖాళీ ఉన్నది 100 లీటర్లకే. అమ్మ మంచం దిగి అడుగుపెట్టి, "ఒరేయ్, ఇంట్లోకి నీళ్ళొచ్చాయిరా" అని కేక వేసింది. టార్చి వేసి చూస్తే స్పైక్ బస్టరు నేల మీద నీళ్ళలో మునిగి ఉంది. ఆ క్షణంలో కరెంటు తిరిగొచ్చి ఉంటే అన్న తలపు ఇప్పటికీ నన్ను వణికిస్తుంది. మర్నాడే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించాను, ప్లగ్గులన్నీ గోడమీద పైకి ఎత్తించాను.

మీరు పైపు మూతిని మట్టానికి అంగుళం కిందే ఉంచండి. మట్టానికి కొంచెం దిగువన పైపుకి ఒక చిన్న చిల్లు పెట్టించండి, గాలి లోపలికి పోయి లాగుడు ఆగిపోతుంది. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, నాచు పట్టి అది సరిగ్గా మూసుకోదు. మీది ఫ్లాటు, మీ నీళ్ళు కింది ఇంటివాళ్ళ సీలింగులోంచి దిగుతాయి.

ఆ రాత్రి రెండో దెబ్బ కూడా ఉంది. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. భీమవరంలో రొయ్యల చెరువులున్న మా మేనమామకి ఫోన్ చేస్తే ఆయన అన్నది ఒక్కటే: "ముందు గాలి పెట్టరా, తర్వాతే మిగతావన్నీ." 25 డిగ్రీల నీళ్ళు లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 డిగ్రీలకి 7.3 మాత్రమే. మన ఎండాకాలంలో పంపు ఆగితే చేపకి టైమ్ తక్కువ. డీసీ పంపు కొని ఇన్వర్టరుకి కలపండి, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచండి. కరెంటు పోతే మేత ఆపేయండి.

అమ్మోనియా టెస్ట్ కిట్ కూడా మామయ్యే ఆక్వా షాపులో కొని పంపాడు. అది లేకుండా మొదలుపెట్టొద్దు. హైదరాబాద్ బోరు నీళ్ళు పీహెచ్ 8 దగ్గర ఉండటం మామూలే. పీహెచ్ 7లో ఉన్నంత అమ్మోనియాయే 8లో ఉంటే, అందులో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతుంది. మంజీరా నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, 250 లీటర్ల డ్రమ్ములో హైపో (క్లోరిన్‌ని పోగొట్టే మందు) వేసి, ఎయిర్ పంపు పెట్టి ఉంచుకోండి. వారానికి ఆ డ్రమ్ముడు నీళ్ళు మార్చాలి. తీసిన నీళ్ళు బాల్కనీలో కరివేపాకుకి పోస్తే మా ఇంట్లో ఆకు ఎంత గుబురుగా వస్తుందో.

ట్యాంకు నిండిన రోజే చేపలు కొనొద్దు. ఆ బాక్టీరియా పెరగడానికి కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా ఖాళీగా నడపండి. అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ ఒక్క రోజులో సున్నాకి వస్తున్నాయంటే ఫిల్టరు సిద్ధం. అప్పుడు మూడంగుళాల ఆస్కార్లు రెండూ ఒకే రోజు వేయండి, లేకపోతే ముందొచ్చింది ట్యాంకంతా తనదనుకుంటుంది.

ఆ ఖాళీ వారాల్లోనే ఒక పని చేయండి. పగటిపూట, మీ చేత్తోనే పంపు స్విచ్ ఆపి, సంప్ పక్కన కూర్చుని చూడండి. నీళ్ళు పెరిగి పెరిగి అంచుకి రెండంగుళాల కిందే ఆగాలి. ఆగకపోతే కొంచెం తోడేసి మళ్ళీ చూడండి. ఆగిన చోట మార్కరుతో అద్దం మీద గీత గీయండి. మళ్ళీ పంపు వేసి, మట్టం ఎక్కడికి దిగుతుందో అక్కడ ఇంకో గీత. రోజూ ఆవిరైపోయిన నీళ్ళు పోసేటప్పుడు, పంపు నడుస్తుండగా ఆ కింది గీత దాటనివ్వకండి.