రిపోర్టులన్నీ నార్మల్.. మరి అమ్మకున్నది మనసు జబ్బా, నరాల జబ్బా?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు. ఏడాది నుంచి ఒళ్లంతా గుంజుతోందని, అరికాళ్లు మండుతున్నాయని, తల దిమ్ముగా ఉంటోందని అంటోంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని చెప్పి ఎర్ర సూదులు వేశాడు, గ్లూకోజ్ ఎక్కించాడు. గ్యాస్‌కు, కళ్లు తిరగడానికి మాత్రలు కూడా వాడుతోంది. నల్లగొండలో రక్తపరీక్షలు, ఈసీజీ, హైదరాబాద్‌లో తలకు స్కానింగ్ చేయించాం. అన్నీ నార్మల్. మూడు నెలలుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది. చివరికి ఒక డాక్టర్ సైకియాట్రిస్టుకు చూపించమన్నారు. ‘నా పెండ్లామేమన్న పిచ్చిదా’ అని మా నాయన కోపానికొచ్చాడు. ఇది మనసుకు సంబంధించినదా, నరాలదా? ఎవరికి చూపించాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: అమ్మగారిని పరీక్షించకుండా జబ్బు పేరు చెప్పలేను. కానీ మీరు రాసిందాన్ని బట్టి ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయనిపిస్తోంది. ఏడాదిగా ఉన్న నొప్పులు, మంటలు, నిద్ర పట్టకపోవడం ఒకటి. మూడు నెలల కిందట మొదలైన వణుకు, నెమ్మదించిన నడక ఇంకొకటి. మొదటిదానికి వాడిన మందులే రెండోదాన్ని తెచ్చిపెట్టి ఉండొచ్చన్న అనుమానం కూడా నాకుంది.

ముందు ఆ నార్మల్ రిపోర్టుల సంగతి. ఈసీజీ గుండె గురించి మాత్రమే చెబుతుంది. తలకు తీసే స్కానింగ్‌లో గడ్డలు, రక్తస్రావం, పాత పక్షవాతం మచ్చలు కనిపిస్తాయి. డిప్రెషన్ ఏ స్కానింగ్‌లోనూ కనిపించదు. మైగ్రేన్ కూడా అంతే. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లకు మామూలు ఎంఆర్‌ఐ చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది. ఫిట్స్ ఉన్న మనిషికి కూడా ఒక్కసారి ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీస్తే ఏమీ దొరక్కపోవచ్చు. ఈ జబ్బులన్నిటినీ పట్టిచ్చేది రోగి చెప్పే మాట, ఇంట్లోవాళ్లు కళ్లారా చూసింది, డాక్టర్ కూర్చోబెట్టి, నడిపించి చూసే పరీక్ష. కిక్కిరిసిన ఓపీలో ఆ మూడింటికీ టైమ్ దొరకదు. అందుకే రిపోర్టు చూసి ‘ఏం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు’ అని పంపించేయడం జరుగుతుంది. ఆ మాట వినేసరికి రోగికి ఉన్న టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది.

మా దగ్గరికి వచ్చే మీ అమ్మగారి వయసు ఆడవాళ్లలో ‘నాకు మనసు బాగాలేదు’ అని మొదలుపెట్టేవాళ్లు చాలా అరుదు. ‘నడినెత్తి నుంచి అరికాలి దాకా ఒకటే మంట సార్’ అంటారు. పక్కన కొడుకు ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కో రిపోర్టు తీసి బల్ల మీద పెడుతుంటాడు. ‘ఏమన్న రంది పెట్టుకున్నవా అమ్మా’ అని అడిగామా, అప్పటిదాకా గడగడా చెప్పిన మనిషి మాట ఆపి కొంగు కళ్లకు అద్దుకుంటుంది. అలాగని ఆ నొప్పులు నటన కాదు. డిప్రెషన్‌లో నొప్పి నిజంగానే ఎక్కువగా తెలుస్తుంది.

మీరు గమనించాల్సినవి రెండు. దిగులుగా, ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటోందా? ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? ఈ రెంటిలో ఏ ఒక్కటైనా దాదాపు రోజూ, రెండు వారాలకు పైగా ఉంటే డిప్రెషన్ గురించి ఆలోచించాల్సిందే. అయితే నేరుగా అడిగితే ‘నాకేం దిగులు, మంచిగనే ఉన్న’ అంటారు. ఏమేం మానేసిందో చూడండి. బతుకమ్మ పేర్చడానికి కూర్చుందా? చుట్టాల పెళ్లికి ‘మీరు పోయి రాండ్రి’ అందా? కూర రుచి గురించి పట్టించుకుంటోందా? తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, పొద్దున బరువుగా ఉండి సాయంత్రానికి కొంచెం తేలికపడటం డిప్రెషన్‌లో తరచూ కనిపించే లక్షణాలు.

కానీ అంతటితో తేల్చేయకూడదు. రక్తపరీక్షలు అన్నారు, ఏమేం చేశారో రాయలేదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువగా ఉన్నా, విటమిన్ బి12 లోపించినా మనిషి ఇలాగే నీరసపడిపోతుంది. అరికాళ్ల మంటకు షుగర్, బి12 లోపం రెండూ కారణాలే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. మీ ఆర్‌ఎంపీ వేసిన ఎర్ర సూది చాలావరకు బి12దే అయ్యుంటుంది. లోపం ఉన్నవాళ్లకు అది మంచి మందే. లేనివాళ్లకు డబ్బు దండగ. సూది వేశాక పరీక్ష చేస్తే లెక్క తారుమారవుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇక వణుకు. అమ్మగారి మాత్రల స్ట్రిప్పులు తీసి వెనకవైపు సన్నగా ఉండే అక్షరాలు చదవండి. గ్యాస్ మాత్రలో లెవోసల్పిరైడ్, వాంతుల మాత్రలో మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చినదాంట్లో సిన్నరజిన్ లేదా ఫ్లూనరిజిన్ ఉన్నాయేమో చూడండి. ఇవి మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. నెలల తరబడి వాడితే చేతులు వణకడం, ముఖంలో కళ తగ్గడం, అడుగులు చిన్నవవడం.. అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఉంటుంది. వీటిలో కొన్ని మనసును కూడా కుంగదీస్తాయి. పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ గోలీని మన దగ్గర ఎవరూ మందుగా లెక్కపెట్టరు. ‘ఏం మందులు వాడుతున్నారు’ అంటే బీపీ, షుగర్ చెప్పి ఊరుకుంటారు. అసలు పార్కిన్సన్స్ సాధారణంగా ఒకవైపు చేత్తో మొదలవుతుంది. మందుల వల్ల వచ్చేది చాలామందిలో రెండువైపులా కనిపిస్తుంది. ఈ తేడా అందరిలో ఇంత స్పష్టంగా ఉండదు, న్యూరాలజిస్ట్ చూసి చెప్పాలి. మందు వల్లే అయితే డాక్టర్ సలహాతో దాన్ని మాన్పిస్తే వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గుతుంది.

మీ మండలం పేరు చూశాక ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, మీ అమ్మగారి తరం చిన్నప్పటి నుంచి తాగింది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే. అది వెన్నెముకలో ఎముకను పెంచి, మెడ దగ్గర వెన్నుపామును నొక్కవచ్చు. కాళ్లు బిగుసుకుపోవడం, తిమ్మిర్లు, నడిస్తే తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం దాని గుర్తులు. తలకు స్కానింగ్ తీస్తే మెడలో ఉన్నది కనిపించదు. మెడ వంచడం, తిప్పడం కష్టంగా ఉందేమో చూసి, ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. అమ్మగారికి సాయంత్రం పూట కల్లు అలవాటుందా? మన దగ్గర, ముఖ్యంగా పాలమూరు వైపు, కల్లులో అల్‌ప్రాజోలం వంటి మత్తుమందులు కలపడం కొత్త సంగతేమీ కాదు. అలాంటి కల్లుకు అలవాటుపడ్డ మనిషి ఒకట్రెండు రోజులు మానేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి. పొంతన లేకుండా మాట్లాడతారు, లేనివి కనిపిస్తున్నాయంటారు, ఫిట్స్ కూడా రావొచ్చు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనో, పిచ్చి పట్టిందనో తాయెత్తు కట్టిస్తారు. నిద్ర కోసం అల్‌ప్రాజోలం మాత్రలు రోజూ మింగేవాళ్ల పరిస్థితీ ఇదే. రెండూ ఉన్నపళంగా ఆపకూడదు. ఆసుపత్రిలో మెల్లమెల్లగా తగ్గిస్తారు.

ఎవరికి చూపించాలన్నారు. నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లి ముందు జనరల్ మెడిసిన్‌లో చూపించండి. సైకియాట్రీ ఓపీ కూడా అక్కడే ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోవాల్సిన పనిలేదు. వణుకు కోసం వాళ్లే న్యూరాలజిస్ట్‌కు రాస్తారు. వెళ్లేటప్పుడు వాడిన స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకోండి. అమ్మగారు నడిచేటప్పుడు, గ్లాసు పట్టుకున్నప్పుడు ఫోన్‌లో ఒక్క నిమిషం వీడియో తీయండి. ఓపీ గదిలో వణుకు కనిపించకపోతే ఆ వీడియోనే సాక్ష్యం.

మీ నాయనగారికి ఇలా చెప్పి చూడండి: డిప్రెషన్‌ను పిచ్చి అనరు. బీపీలాగే దానికీ మందులున్నాయి, పని చేస్తాయి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. సగంలో మానేస్తే తిరగబెడుతుంది. నిద్రమాత్రలకు అలవాటుపడ్డట్టు వీటికి అలవాటుపడరు. నాయన రానంటే మీరే తీసుకెళ్లండి.

మూతి వంకరపోవడం, ఒకవైపు చేయి కాలు పడిపోవడం, మాట తడబడటం, హఠాత్తుగా మనుషుల్ని గుర్తుపట్టకపోవడం.. వీటిలో ఏది కనిపించినా ఓపీ కోసం ఆగకుండా 108కు ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి.

చివరిగా, అమ్మగారిని ఒంటరిగా కూర్చోబెట్టి ‘బతకాలని అనిపించడం లేదా అమ్మా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రిపూటైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ పడవు. అంతకంటే ముందు, పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ పూటే బయటకు తరలించండి.

– జనరల్ ఫిజీషియన్, నల్లగొండ