ఆఫ్రికాలో హెచ్‌ఐవీ ట్రయల్స్ అంటే ఆడవాళ్ళ మీద ప్రయోగాలేనా? అక్కడ పనిచేసినదానిగా నాకు తెలిసింది

మీ ప్రశ్నలో రెండున్నాయండి. ఒకటి, మీ అక్కయ్యగారి అమ్మాయి సౌతాఫ్రికాలోని డర్బన్‌లో హెచ్‌ఐవీ నివారణ మీద పనిచేసే రీసెర్చ్ క్లినిక్‌లో చేరదామనుకుంటోంది, ఇంట్లో పెద్దవాళ్ళేమో "అక్కడి ఆడపిల్లల మీద మందులు ప్రయోగిస్తారట, అలాంటి ఉద్యోగం మనకెందుకు" అని అడ్డం పడుతున్నారు, ఆ మాటలో నిజమెంత అని. రెండోది, ఇన్నేళ్ళుగా ట్రయల్స్ మీద ట్రయల్స్ చేస్తున్నారు కదా, చివరికి ఏం తేలింది అని. మావారి ఉద్యోగం వల్ల మేము డర్బన్‌లో ఉన్నప్పుడు నేను అలాంటి ఒక క్లినిక్‌లోనే డేటా సెక్షన్‌లో కొన్నాళ్ళు చేశాను. డాక్టర్ని కాదు, నర్సునీ కాదు, వాళ్ళు నింపిన ఫారాలు చదివి ఒకదానికొకటి పొంతన కుదరకపోతే వెనక్కి పంపడం నా పని. అందుకని మందుల సంగతి కంటే మనుషుల సంగతే ఎక్కువ చెప్తాను.

ముందు పెద్దవాళ్ళ భయం గురించి. దాన్ని తీసిపారెయ్యకండి. మన దగ్గరే 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు గుర్తుందా, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని బయటపడి 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆఫ్రికా సంగతికొస్తే, కడుపుతో ఉన్న తల్లికి ఏజెడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందు ఇస్తే బిడ్డకి హెచ్‌ఐవీ సోకడం బాగా తగ్గుతుందని 1994కే తేలిపోయింది, ఐనా ఆ తర్వాత కూడా అక్కడ కొంతమంది తల్లులకి మందు లేని ఉత్త మాత్రలిచ్చి ట్రయల్స్ నడిపారు, 1997లో దాని మీద ప్రపంచమంతా పెద్ద రగడయింది. 2004లో కంబోడియాలో, 2005లో కామెరూన్‌లో టెనోఫోవిర్ అనే మందుతో హెచ్‌ఐవీ రాకుండా ఆపగలమా అని చూసే ట్రయల్స్ జనం నిలదీస్తే ఆగిపోయాయి. వాళ్ళడిగిన ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి, మీ ట్రయల్లో ఉండగా మాకు జబ్బు అంటుకుంటే జీవితాంతం మందులెవరిస్తారు అని. ఎంత న్యాయమైన ప్రశ్నండీ అది! ఇలాంటి గొడవలు అయ్యాకే 2007లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్, హెచ్‌ఐవీ నివారణ కోసం పనిచేసే ఏవ్యాక్ అనే సంస్థ కలిసి, ఊరివాళ్ళని మొదటినుంచీ కూర్చోబెట్టుకుని ట్రయల్ ఎలా నడపాలో నియమాలు రాశాయి. అంటే ఎవరూ దయతలచి మారలేదు, అడిగినవాళ్ళుండబట్టి మారారు.

నేను వెళ్ళేనాటికి మా దగ్గర సంతకం ఆషామాషీగా అయ్యేది కాదు. అక్కడి భాష జులూలో ఉన్న కాగితం పక్కన కూర్చుని చదివి వినిపించి, ఆ తర్వాత ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళు. ఈ మందు నిన్ను కాపాడుతుందని రుజువైందా? నీకు వచ్చేది అసలు మందో ఉత్తదో నీకు తెలుస్తుందా? మధ్యలో మానేస్తే నీకు రావాల్సిన వైద్యం ఆగిపోతుందా? వీటికి "లేదు, తెలియదు, ఆగదు" అని తనంతట తను చెప్పలేకపోతే మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే. అలాగని అంతా సవ్యంగా ఉందని కూడా అనను. ఉద్యోగం లేని పిల్లకి దారిఖర్చుల డబ్బులు, ఫ్రీ చెకప్, గంటల తరబడి క్యూలో నిలబెట్టకుండా గౌరవంగా మాట్లాడే నర్సు, ఇవన్నీ దొరుకుతుంటే "నా ఇష్టంతోనే చేరుతున్నా" అన్న మాటకి ఎంత బరువుందో తూచడం తేలిక కాదు, ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఐతే అసలు ఆ ఆడవాళ్ళే ఎందుకు అంటే, జబ్బు వాళ్ళ మీదే అంత దారుణంగా పడింది కాబట్టి. ఎకో అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, సౌతాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాటినీలో, 7,829 మంది ఆడవాళ్ళు. పిల్లలు పుట్టకుండా వేసుకునే మూడునెలల ఇంజెక్షన్ వల్ల హెచ్‌ఐవీ సులువుగా సోకుతుందేమో అని పాతికేళ్ళుగా అనుమానం ఉండేది, దాన్ని తేల్చడానికి ఇంజెక్షన్, కాపర్ టీ లాంటి లూప్, చేతిలో పెట్టే ఇంప్లాంట్ మూడిటినీ పోల్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది, మూడిటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ఆ రిపోర్టులో నన్ను కుదిపేసింది వేరే అంకె. వాళ్ళు కేవలం కుటుంబ నియంత్రణ కోసం వచ్చిన మామూలు ఆడవాళ్ళు, వాళ్ళలో వందకి ఏడాదికి దాదాపు నలుగురికి హెచ్‌ఐవీ సోకింది, మొత్తం 397 మంది! క్లినిక్‌కి వస్తూ పోతూ, కండోమ్‌లు తీసుకుంటూ, సలహాలు వింటూ ఉన్నా కూడా. డర్బన్ ఉన్న రాష్ట్రం క్వాజులు-నాటాల్‌లో వైరస్ జన్యువులు పోల్చి చూసిన స్టడీలోనూ తేలిందేంటంటే, చిన్నవయసు ఆడపిల్లలకి అంటించేది ఎక్కువగా వాళ్ళకంటే ఎనిమిది తొమ్మిదేళ్ళు పెద్ద మగవాళ్ళు. అలాంటివాడితో "కండోమ్ పెట్టుకో" అని ఆ పిల్ల అనగలదా? అంటే "నన్ను అనుమానిస్తున్నావా, లేక నువ్వే ఎక్కడికైనా వెళ్తున్నావా" అని ఎదురు తిరుగుతాడు. అందుకే మగవాడిని అడగక్కర్లేకుండా ఆడమనిషి చేతిలో ఉండే సాధనం ఒకటి కావాలని అక్కడి పరిశోధకులు, ముఖ్యంగా కుర్రైషా అబ్దుల్ కరీం, సలీం అబ్దుల్ కరీం దంపతులు ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 2010లో వియన్నాలో ఆడవాళ్ళు యోనిలో పెట్టుకునే వాళ్ళ టెనోఫోవిర్ జెల్ ఫలితం ప్రకటించారు, 39 శాతం రక్షణ. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ అప్పటిదాకా చూసిన జెల్స్ అన్నీ తన్నేశాయి.

ఆ ఆనందం ఎక్కువకాలం నిలవలేదు. వాయిస్ అనే ట్రయల్, 5,029 మంది ఆడవాళ్ళు, సౌతాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే. రోజూ మాత్ర, రోజూ జెల్, ఏదీ పనిచేయలేదని 2013లో చెప్పారు. అదే మాత్ర కెన్యా, ఉగాండాలో భార్యాభర్తల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని జంటల్లో 75 శాతం దాకా కాపాడింది మరి! మందు అదే, ఫలితం మాత్రం ఇలా. మీరడిగిన రెండో ప్రశ్నకి జవాబు నా లెక్కన ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మాత్రల ట్రయల్లో ప్రతి నెలా ఖాళీ సీసా తిరిగి తేవాలి, ఫార్మసీలో మిగిలిన మాత్రలు ట్రేలో పోసి లెక్కపెట్టి ఫారంలో రాస్తారు. నా టేబుల్ మీదికి వచ్చిన ఫారాల్లో "ఈ నెల ఎన్ని రోజులు వేసుకోలేదు" అన్న గడిలో వరసగా సున్నా, సున్నా, సున్నా. మిగిలిన మాత్రల లెక్క కూడా దానికి సరిగ్గా సరిపోయేది, అంత చక్కగా కుదిరిన డేటా నాకు ఇంకెక్కడా తగల్లేదు. తీరా రక్తం చూస్తే మందు జాడే లేదు. ఇది మా ఒక్కచోటే కాదు, వాయిస్‌లోనూ ఇదే, అడిగితే తొంభై శాతం వేసుకున్నామన్నారు, రక్తంలో మందు కనిపించింది ముప్పై శాతం లోపే.

బయట చాలామంది అన్నమాట, "ఆడవాళ్ళు అబద్ధాలు చెప్పారు, డబ్బుల కోసం చేరారు" అని. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. తర్వాత పరిశోధకులు అదే ఆడవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, తప్పుపట్టకుండా, రక్తం రిపోర్టు చూపించి మరీ అడిగితే అసలు సంగతులు బయటికొచ్చాయి. మా వెయిటింగ్ హాల్లో ఒకమ్మాయి నాతో చెప్పింది కూడా అదే. సీసా బ్యాగులో పెట్టుకుని షేర్ ట్యాక్సీ ఎక్కితే కుదుపుకి గలగలమని మోగుతుంది, ఆ చప్పుడు అక్కడ అందరికీ తెలుసు, ఏఆర్‌టీ సీసా చప్పుడు, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు వాడే మందు సీసాది. పక్కవాళ్ళు తిరిగి చూస్తారు. అందుకని క్లినిక్ గేటు దాటకముందే మాత్రలు టిష్యూ కాగితంలో పొట్లం కట్టి సీసా పారేసేది, ఇంటికెళ్ళాక ఆ పొట్లం ఎక్కడ దాచాలో తెలియదు, అత్తగారి కంటపడితే జబ్బుందని ముద్ర, మగాడి కంటపడితే తన్నులు. చివరికి మాత్రలు పారబోసి, నర్సు నొచ్చుకుంటుందని లెక్క సరిచేసుకుని వచ్చేది. "సిసి (అక్కా), జబ్బు లేనిదాన్ని జబ్బు మందు ఎందుకు మింగాలో ఇంట్లో ఎలా చెప్పను" అంది. కెన్యా, ఉగాండా జంటల్లో ఈ బాధ లేదు, ఇద్దరికీ విషయం తెలుసు కాబట్టి భర్తే గుర్తుచేసేవాడు.

అంటే ఫెయిలైంది ఆ ఆడవాళ్ళు కాదండీ, రోజూ దాచుకుని మింగాల్సిన ఆ సీసా. ఇది ఒప్పుకున్నాకే దారి మారింది. యోనిలో పెట్టుకుంటే నెలరోజులు లోపలే ఉండే డపివిరిన్ అనే మందు రింగు వచ్చింది, 2016లో రెండు ట్రయల్స్‌లో ముప్పై శాతం అటూఇటూ రక్షణ, 2021లో డబ్ల్యూహెచ్‌వో సిఫార్సు చేసింది. తర్వాత రెండునెలలకోసారి వేసే కాబోటెగ్రవిర్ ఇంజెక్షన్, 2020 నవంబర్‌లో ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్ ముందే ఆపి చెప్పేశారు. ఇంజెక్షన్ అంటే అక్కడ ఎవరికీ కొత్త కాదు, పిల్లలు పుట్టకుండా ఎప్పటినుంచో వేయించుకుంటున్నారు, సూది వేయించుకుని చేతులు ఊపుకుంటూ ఇంటికెళ్ళొచ్చు, దాచాల్సింది ఏమీ లేదు. ఫ్యామిలీ ప్లానింగ్ గదిలోనే ఇదీ వేస్తే ఎవరికీ అనుమానం రాదు, అందుకే ఈ రెండు సర్వీసులూ ఒకేచోట ఉండాలని అంతగా మొత్తుకుంటారు.

2024లో ఐతే సౌతాఫ్రికా, ఉగాండాలో చేసిన పర్పస్ 1 ట్రయల్, ఆర్నెల్లకోసారి వేసే లెనకాపవిర్. ఆ సూది వేయించుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. సున్నా! ఈసారి సున్నా రక్తపరీక్షలో తేలింది. ఇంకో గొప్ప సంగతి, ఇందులో పదహారేళ్ళ పిల్లల్ని కూడా చేర్చారు, మధ్యలో కడుపొస్తే బయటికి పంపలేదు, కావాలంటే మందు కొనసాగించారు. గర్భిణుల్ని ట్రయల్స్ నుంచి తీసేయడం వల్ల ఏ మందు వాళ్ళకి మంచిదో ఏళ్ళ తరబడి ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు.

అమెరికాలో దీని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైనే. మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి 120 దేశాలకి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ఒప్పుకున్నాయి. మీ పెద్దవాళ్ళకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఐతే భయపడాల్సింది ఇంకొకటుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఉన్నపళంగా ఆపేసినప్పుడు ట్రయల్స్ మధ్యలో ఆగిపోయాయి, కొందరికి ప్రయోగంలో ఉన్న రింగులు ఇంకా ఒంట్లోనే ఉన్నాయి, వాళ్ళని పిలిచి తీయడానికి కూడా చేతిలో డబ్బుల్లేని పరిస్థితి. నా పాత కొలీగ్ ఒకావిడ ఫోన్లో ఏడ్చింది, "నమ్మి వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలి" అని. నా దగ్గర జవాబు లేదు. నన్నడిగితే ఆడవాళ్ళని వాడుకుని వదిలేయడమంటే అదే.

కాబట్టి మీ అమ్మాయిని చేరొద్దనను, కానీ ఇంటర్వ్యూలో తనే ఎదురు అడగాలి. ట్రయల్లో హెచ్‌ఐవీ సోకినవాళ్ళకి వైద్యం ఎవరిస్తారు, ఎన్నాళ్ళిస్తారు? మందు పనిచేస్తే ట్రయల్ అయ్యాక ఆ ఊరివాళ్ళకి దొరుకుతుందా? నిధులు ఆగిపోతే మధ్యలో ఉన్నవాళ్ళ సంగతేంటి? ఊరివాళ్ళతో ఉన్న సలహా కమిటీ ఎప్పుడెప్పుడు కూర్చుంటుంది, దాని మాట మీద ఎప్పుడైనా ఏదైనా మార్చారా? వీటికి నీళ్ళు నమలకుండా సమాధానం చెప్పే చోటైతే చేరమనండి. వెళ్ళేలోపు కాస్త జులూ కూడా నేర్చుకోమనండి, ఇంగ్లీషులో అడిగితే వాళ్ళు "అంతా బాగుంది" అని ఊరుకుంటారు. ఉండే చోటు, వీసా లాంటివి కావాలంటే విడిగా అడగండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను.