అంటార్కిటికా ఏ దేశానిదీ కానప్పుడు అక్కడి పెంగ్విన్లను ఏ చట్టం కాపాడుతుంది?

దేశాలు కుదుర్చుకున్న ఒప్పందాలే అక్కడ చట్టం. 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం ఏడు దేశాల హక్కు వాదనలను పక్కన పెట్టించింది. దానికి అనుబంధంగా వచ్చిన 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్ ప్రకారం అనుమతి లేకుండా అక్కడి పక్షుల్ని, జంతువుల్ని చంపకూడదు, పట్టుకోకూడదు. మన దేశం కూడా 2022లో అంటార్కిటిక్ చట్టం చేసింది. కాబట్టి విశాఖ నుంచి వెళ్లిన శాస్త్రవేత్త అక్కడ తప్పు చేసినా ఇక్కడి కోర్టులో జవాబు చెప్పాలి.

అసలు చిక్కంతా సముద్రంలోనే. పెంగ్విన్లు, తిమింగలాలు ఎక్కువగా తినేది క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవిని. 1982లో అమల్లోకి వచ్చిన మరో ఒప్పందం దాని వేటకు పరిమితి పెడుతుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఆగిపోతాయి కదా, అందుకు ప్రభుత్వ ఉత్తర్వు చాలు. అక్కడ మాత్రం సభ్యులంతా ఒప్పుకోవాలి. 2016లో అలా ఒప్పుకున్నారు కాబట్టే రాస్ సముద్రంలో 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా రక్షిత ప్రాంతమైంది. తూర్పు అంటార్కిటికా సముద్రంలోనూ అలాంటి రక్షిత ప్రాంతం కావాలన్న ప్రతిపాదన చైనా, రష్యా అభ్యంతరాలతో ఏళ్లుగా నిలిచిపోయింది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

ఆర్కిటిక్‌లో ధ్రువపు ఎలుగుబంట్ల కోసం ఐదు దేశాలు 1973లో ఒప్పందం చేసుకున్నాయి. అది వేటను కట్టడి చేసింది గానీ, మంచు కరగడాన్ని ఆపే శక్తి దానికి లేదు.