కర్నూలులో వార్డు ఏఎన్ఎం నర్సులపై అధికారం మున్సిపల్ హెల్త్ ఆఫీసర్‌దేనా?

కాదు; ఏఎన్ఎం వైద్య ఆరోగ్య శాఖ మనిషి, ఆమె పనిని చూసేది పట్టణ ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసర్, ఆపైన జిల్లా వైద్య ఆరోగ్య అధికారి. టీకా మందు, దాన్ని చల్లగా ఉంచే ఫ్రిజ్, గర్భిణుల రికార్డు అన్నీ ఆ శాఖ చేతిలోనే ఉంటాయి కాబట్టి నర్సింగ్ పర్యవేక్షణా అక్కడే. మున్సిపల్ హెల్త్ ఆఫీసర్‌ది ప్రధానంగా పారిశుధ్యం, జనన మరణాల నమోదు.

ఉదాహరణకు వన్‌టౌన్‌లో బిడ్డకు 9 నెలలకు వేయాల్సిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తప్పిపోయిందనుకోండి. తల్లీబిడ్డల కార్డు పట్టుకుని ఏఎన్ఎం దగ్గరికో, ఆరోగ్య కేంద్రానికో వెళ్లాలి. ఆలస్యమైందని భయపడొద్దు, 5 ఏళ్లలోపు వేస్తారు. ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రానికైతే కార్పొరేషనే.

ఏఎన్ఎం వార్డు సచివాలయంలో కూర్చుంటుంది కాబట్టి ఆమె మున్సిపల్ ఉద్యోగి అని చాలామంది పొరబడతారు. అలా కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగేలోపు టీకా ఇంకా వెనకబడుతుంది.