టెక్ సందేహాలు: ఆఫీసులో తెలియకుండా కొత్త ఉద్యోగం వెతకాలంటే?

వైస్ ప్రెసిడెంట్ హోదాలో ఉన్నాను. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ పెడితే మా బాస్‌కి తెలిసిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ ‘రిక్రూటర్స్ ఓన్లీ’ ఎంచుకోండి. రెండోది, అంటే ‘ఆల్ లింక్డ్‌ఇన్ మెంబర్స్’ ఎంచుకుంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వచ్చి అందరికీ కనిపిస్తుంది. మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది గానీ, పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని కూడా చెబుతుంది. మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే బయటి కన్సల్టెంట్ కంట పడే అవకాశం ఎలాగూ ఉంది. మీ స్థాయిలో ఆ మాట బయటికి పొక్కితే నష్టం పెద్దది కాబట్టి, నన్నడిగితే ఆ బటన్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

ప్రొఫైల్ మార్చే ముందు సెట్టింగ్స్‌లో ‘విజిబిలిటీ’ కింద, మార్పుల్ని మీ నెట్‌వర్క్‌కి తెలియజేసే ఆప్షన్ ఆపేయండి. అకౌంట్‌కి ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే ఈ రోజే సొంత మెయిల్ జోడించి దాన్ని ప్రైమరీ చేయండి. ఉద్యోగం మానేశాక ఆ ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

ఎన్ని అప్లికేషన్లు పెట్టినా జవాబు లేదు. లింక్డ్‌ఇన్‌లో 1,800 మంది పరిచయస్తులున్నారు. ఎవరిని అడగాలో తోచడం లేదు.

అప్లికేషన్లు కాస్త పక్కన పెట్టండి. పెద్ద హోదాల్లో చాలా ఖాళీలు ప్రకటన దాకా రాకుండానే నిండిపోతాయి. మీ అసలు ఆస్తి ఆ 1,800 మందే.

కంప్యూటర్‌లో సెట్టింగ్స్, ‘డేటా ప్రైవసీ’, ‘గెట్ ఎ కాపీ ఆఫ్ యువర్ డేటా’కి వెళ్లి ‘కనెక్షన్స్’ టిక్ చేయండి. డౌన్‌లోడ్ లింక్ మెయిల్‌కి వస్తుంది. ఆ సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిస్తే పేరు, కంపెనీ, హోదా, లింక్డ్‌ఇన్‌లో ఎప్పుడు కనెక్ట్ అయ్యారో తేదీతో సహా ఉంటాయి. మెయిల్ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది, కంగారు పడకండి. పైన రెండు మూడు వరుసల్లో నోట్స్ ఉంటుంది. దాన్ని తీసేస్తే గానీ సార్టింగ్ సరిగ్గా రాదు.

ఇప్పుడు కంపెనీ పేరుతో సార్ట్ చేయండి. మీరు చేరాలనుకునే కంపెనీల్లో మీరు మరిచిపోయిన పాత సహోద్యోగులు బయటపడతారు. రోజూ మాట్లాడే స్నేహితులకంటే వీళ్లే ముఖ్యం. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 2 కోట్ల మందికి పైగా లింక్డ్‌ఇన్ సభ్యుల వివరాలను పరిశీలించారు. ఉద్యోగం మారడానికి బాగా దగ్గరివాళ్లకంటే ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ ఉపయోగపడ్డారని తేలింది.

గంపగుత్తగా అందరికీ ఒకే మెసేజ్ పంపకండి. వారానికి ఐదుగురు చాలు. ఇలా రాయవచ్చు: ‘నమస్తే అండీ. గోడౌన్ల ప్రాజెక్టులో కలిసి పనిచేశాం, గుర్తుండే ఉంటాను. మీ కంపెనీ సప్లై విభాగాన్ని విస్తరిస్తోందని చూశాను. నేనూ మార్పు గురించి ఆలోచిస్తున్నాను. ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి. ఓ పావుగంట మాట్లాడటానికి ఎప్పుడు వీలవుతుంది?’ రెజ్యూమె జత చేయకండి, వాళ్లు అడిగాక పంపండి.

నా రెజ్యూమె పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే ట్యాబ్ మీద వేరే కంపెనీ పేరు కనిపిస్తోంది!

పాత ఫైల్‌నే మార్చుకుంటూ వచ్చారన్నమాట. ట్యాబ్ మీద కనిపిస్తున్నది ఆ ఫైల్ పాత టైటిల్. వర్డ్‌లో ‘ఫైల్’, ‘ఇన్ఫో’కి వెళితే కుడివైపు టైటిల్, ఆథర్ కనిపిస్తాయి. అవి సరిచేసి మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ఇప్పటికే పంపినవాళ్లకు కొత్త ఫైల్ మరోసారి పంపినా తప్పులేదు.