గోదావరి కాలువ ఊళ్ళోంచే పారుతుంటే తాగడానికి టిన్ను నీళ్ళెందుకు కొంటారు?

మీరు భీమవరం చుట్టుపక్కల చూసి అడిగారు కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. మాది నరసాపురం వైపు ఒక శివారు ఊరు. మాకు నీళ్ళకి కరువు లేదండీ, తాగే నీళ్ళకే కరువు.

బోరు వేసుకోవచ్చు కదా అంటారు. సముద్రం దగ్గర్లో నేల అడుగున ఉండేది ఉప్పునీరే. వానకీ వరిచేలకీ ఇంకిన చప్పనీరు తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు చప్పనీరుంటే, కింద సుమారు 40 అడుగుల లోతు దాకా ఉప్పుని అణిచిపెడుతుంది. పైన ఆ అడుగు తోడేశామంటే కింద ఉప్పు అంత ఎత్తూ లేస్తుంది. మా పెరట్లో చేతిపంపు నీళ్ళకి కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మీటరు పెడితే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, లీటరుకి 3,000 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీళ్ళలో 500 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 వరకూ సర్దుకోవచ్చు అని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం.

కాబట్టి కాలువే దిక్కు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ అంతే. పంటకాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. కాలువ నీళ్ళు చేలోకి, చేను వదిలిన నీళ్ళు డ్రెయిన్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. ఈ రెండూ కలవకూడదు. డెల్టా బతికిందే దీని మీద. ఇప్పుడు చెడింది కూడా ఇదే.

2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక వరిచేలు ఎన్నో చెరువులయ్యాయి. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్ళు ఎక్కడికో ఒకచోటికి వదలాలి. వాటిలో తినగా మిగిలిన మేత, రొయ్యల రెట్ట, అమ్మోనియా, ఉప్పు అన్నీ ఉంటాయి. డ్రెయిన్ దూరమైతే పక్కనున్న పంటకాలువలోకే గొట్టం వేసేస్తారు, అదీ రాత్రిపూట. పొద్దున్నే గట్టెక్కి చూస్తే ఒక ఒడ్డు వెంట నల్లటి చార, కుళ్ళిన వాసన. రైతుల్ని తిట్టిపోయడం తేలికే. మా బాబాయిలిద్దరూ రొయ్యల రైతులే, రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. నీళ్ళు పోయే దారి లేని చోట చెరువు తవ్వుకోనివ్వడమే అసలు తప్పు అని నేనంటాను. పట్టణాల మురుగు కూడా కాలువల్లోకే వస్తోంది, దానికి ఏ రొయ్యల రైతూ కారణం కాదు.

ఇక ఊరి మంచినీళ్ళ చెరువు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు దాన్ని నింపుకుని, మళ్ళీ కాలువలు వదిలేదాకా అవే వాడుకోవాలి. ఆ నీళ్ళలో అమ్మోనియా ఉంటే మనం వేసిన బ్లీచింగ్‌లోని క్లోరిన్ ముందు దానికే ఖర్చయిపోతుంది, క్రిముల్ని చంపడానికి సరిగా మిగలదు. ఎండలు ముదిరేసరికి పాచి, వాసన. వరదలకి గోదావరి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు మా అమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి మట్టంతా అడుగుకి దిగి పైన తేటనీళ్ళుండేవి. మట్టికైతే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కరిగిపోయిన ఉప్పుకి పనిచేయదు. కాచినా ఉప్పు పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఇంటింటికీ టిన్నులు. కూలికెళ్ళే ఇంట్లో కూడా నెలనెలా దీనికింత అని తీసి పెట్టుకోవాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

పైగా వేసవిలో పైనుంచి నీళ్ళు రాకపోతే సముద్రపు పోటు డ్రెయిన్లలోకి ఎక్కుతుంది. కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు కొల్లేటి దాకా పోతోంది. 2002లో రామ్సర్ జాబితాకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి, ఎక్కిన మంచినీటి సరస్సు అది.

మా ఊళ్ళో కొంతవరకు పనిచేసింది ఒకటుంది. కాలువలు వదలగానే వచ్చే మొదటి నీళ్ళని చెరువుకి ఎక్కించనివ్వరు, వేసవంతా కాలువలో పడ్డ చెత్తని అవే కడుక్కొస్తాయి కాబట్టి. కాలువలు కట్టేసే ముందు చెరువు నింపే రోజుల్లో డ్వాక్రా ఆడవాళ్ళు వంతులేసుకుని తూముకి ఎగువన గట్టు మీద రాత్రి కాపలా కాశారు. గొట్టాలు వేసేవాళ్ళు కూడా తెలిసినవాళ్ళే, మొహం మీద అడిగేసరికి ఆగారు. ఆ వేసవి చెరువులో వాసన బాగా తగ్గింది. ఉప్పు సంగతి మాత్రం అలాగే ఉంది.

మీరు ఇటు మారే ఆలోచనలో ఉంటే, ఇల్లు తీసుకునే ముందు ఆ ఊరి కుళాయి నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఇచ్చి క్లోరైడు, అమ్మోనియా, బాక్టీరియా పరీక్షలు అడిగి చేయించండి. టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్మకండి. అది కరిగిన లవణాలు సుమారుగా ఎంతున్నాయో చెబుతుంది గానీ క్రిముల సంగతి చెప్పదు.